పదకొండో పూత

మా నేలమాళిగలోకి వెలుతురు రానివ్వం.
పైన మ్యిన్‌కబా ఎండ రాళ్ళని పగలగొడుతుంటే
కింద తడి చీకటి.
వెదురు దబ్బలకి గుర్రపు తోకవెంట్రుకలు అల్లిన గిన్నెలు
నల్లటి లక్క పూసుకుని
అరల మీద కళ్ళు మూసుకుని కూర్చుంటాయి.
లక్క తిక్కది. ఎండలో ఆరదు, చెమ్మలో ఆరుతుంది.
పూతకి వారం.
ఆగలేక తాకావా,
నీ వేలిముద్రే ఇక దాని నుదుటి రాత.

పదమూడో ఏట నేను మూడు పూతలకే గంటం పట్టాను.
గీత పక్కన గీత పెచ్చులు లేచి
వెదురు ఎముక బయటపడింది.
అమ్మ తిట్టలేదు.
ఏడాదిపాటు ఆ గిన్నెలోనే నాకు అన్నం పెట్టింది.

ఇప్పుడు నాకు యాభై రెండు.
మాళిగ నడిమధ్య ఇటుక గోడ.
అమ్మ పోయి నెల తిరక్కుండా
తమ్ముడు న్యో టున్ కట్టించాడు,
నీ చీకటి నీది, నా చీకటి నాది అని.
ఆ గోడని నెత్తిన పెట్టుకునే
కొండ మీది ధ్యానకేంద్రానికి ఎక్కాను, నలభై రోజులకి.

గులాబీరంగు వస్త్రాల సయాలే యసవతి
ముక్కు కొస చూపించి "ఇక్కడ కూర్చో" అంది.
అంత చిన్న అరుగు మీద ఇంత మనిషిని!
"లేచి వెళ్ళిపోతే తిరిగి రా.
తిట్టుకుంటూ రాకు, ఊరికే రా."
వచ్చాను. ఎన్నిసార్లో.
పద్దెనిమిదో రోజున
చిల్లగింజ అరగదీసి కలిపిన కుండనీళ్ళలా తేరాను.
ఊపిరి సన్నబడి దారమైంది,
దారం ఎక్కడో వెలుగైంది.
గోడ లేదు, తమ్ముడు లేడు.
మోకాళ్ళ నొప్పి సైతం
ఎవరింటికో భోజనానికి వెళ్ళింది.

గెలిచానని చెప్పుకోవడానికి పోతే
సయాలే నా గోళ్ళసందుల నలుపు చూసి
"గిన్నె ఆరింది, సంతోషం.
ఆరిన గిన్నెని మాళిగలోనే ఉంచి
తలుపేసుకునే పనివాళ్ళని ఎరుగుదువా?" అంది.
కోపమొచ్చింది.
అంత నెమ్మదిలోంచి, అంత కోపం!
"అదిగో," అంది. "ఇప్పుడు గియ్యి."

గియ్యడం నాకు తెలుసు.
కుదరని చెయ్యి గిన్నెని చీలుస్తుంది.
గీయనే గీయని నునుపులో
నీ మొహమే నీకు కనబడుతుంది, ఎంతసేపు చూసినా.

ముందు చెవి తమ్మెల దగ్గర వేడి.
తర్వాత దవడ.
ఆ తర్వాత ఒక మాట: నాది.
మాట వెనక ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూశాను.
వేడి ఉంది. పోయింది.
మళ్ళీ వచ్చింది, అదే వేడి కాదు.

ఇరవై రెండు రోజులు ఇదే పని.
కొన్ని రోజులు చెయ్యి వణికితే
మళ్ళీ ముక్కు కొసకి పంపేది,
ఇంకో పూత పడనీ అని.

ఇంటికొస్తే గోడ గోడలాగే ఉంది.
పదకొండు పూతల గిన్నెని ఒళ్ళో తిప్పుకుంటూ
ఊపిరి వదిలిన కొసన గంటం దించుతాను.
ఒక చేప, దాని పొలుసులు.
గీతల్లో హింగుళం రుద్ది, ఆరాక ఊకబూడిదతో కడిగితే
నునుపు మీద ఇంతైనా నిలవదు ఎరుపు.
కోసిన చోటే నిలుస్తుంది.

సాయంత్రం రంగు ఆరబెట్టడానికి మాళిగలోకి దిగాను.
గోడకవతల దగ్గు.
రెండు పొట్టివి, ఒకటి పొడుగు.
చప్పుడు. చెవి.
"వీడు మందు మింగడు" అన్న తలపు,
దాని తోకపట్టుకుని దవడ బిగువు.
అలవాటుగా వచ్చింది,
పీట వేయలేదు, వెళ్ళింది.
గిన్నె చేతిలో కదల్లేదు.

అరలో పెట్టి, గోడకి అరచెయ్యి ఆనించాను.
చల్లగా ఉంది.
చెమ్మకి అటూ ఇటూ తెలిసినట్టు లేదు.

మళ్ళీ దగ్గాడు.
రేపు సంతలో అల్లం కొనాలి.